స్నేహధర్మమా? మౌనపాపమా?



మన విచారణ కుటుంబాలలో యువతీయువకులు ఇష్టంగా చూసే సినిమాలలో పోలీసు కథలది పెద్ద వాటా. "ఆ తుపాకులూ కొట్లాటలూ మన పిల్లలకెందుకు?" అని తల్లిదండ్రులు విసుక్కోవడం సహజమే. అయితే ఆ కథలన్నీ ఒక్క కోవకు చెందినవి కావు. కొన్నింటిలో దొంగ వేరు, పోలీసు వేరు. వాడు వీడికి చిక్కడంతో కథ కంచికి చేరుతుంది. మరికొన్నింటిలో దొంగా పోలీసూ ఒకే కారులో, పక్కపక్కనే, ఒకే దుస్తుల్లో కూర్చుని ఉంటారు. అప్పుడు ప్రశ్న "దొంగ ఎవరు?" అన్నది కాదు. "నా పక్కనున్నవాడు నా ప్రాణానికి కాపు కాసినవాడు. వాడే తప్పు చేస్తుంటే నేనేం చేయాలి?" అన్నది.

ఈ వారం పాఠంలో అటువంటి రెండు నిజ జీవితాలను పరిశీలిద్దాం. రెండూ అమెరికాలోని న్యూయార్క్ నగర పోలీసు శాఖలో, ఇంచుమించు ఒకే కాలంలో జరిగినవి. రెండింటినీ సిడ్నీ లూమెట్ అనే దర్శకుడే సినిమాలుగా తీశాడు. మొదటిది 1973లో వచ్చిన 'సెర్పికో'. రెండవది 1981లో వచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ ది సిటీ'. పెద్దలు చూడదగ్గవే గాని, మోటు మాటలూ హింసా ఉన్నందువల్ల ఇవి చిన్నపిల్లలకు తగవు.

1. పార్ట్‌నర్ అంటే ఎవరు?

న్యూయార్క్ పోలీసులలో చాలామంది జంటగా పనిచేస్తారు. జంటలో ఒకరికొకరు పార్ట్‌నర్లు. దీపం లేని మెట్లెక్కి ఒకడు తలుపు తడుతుంటే, రెండవవాడు వెనుక నిలబడి కాపు కాస్తాడు. డ్యూటీ అంతా ఒకే కారులో గడుస్తుంది. ఒకడి ఇంటి కష్టసుఖాలు మరొకడికి తెలుసు. ఏ క్షణాన ఎవరి ప్రాణం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేని ఉద్యోగం అది.

ఇంతటి బంధం చెడ్డదని ఎవరూ అనలేరు. నమ్మకమైన స్నేహితుడు పెట్టనికోట వంటివాడని సీరా జ్ఞానగ్రంథం ఆరవ అధ్యాయం మనకు నేర్పుతుంది. పోలీసు పనిలో విశ్వాసపాత్రత అలంకారం కాదు, అవసరం. అది లేనినాడు ఎవరూ ఆ చీకటి మెట్లు ఎక్కరు.

కనుక మొదటే ఒక సంగతి గుర్తుపెట్టుకుందాం. మనం చూడబోయే అవినీతి స్నేహం లేనిచోట పుట్టలేదు. స్నేహం గట్టిగా ఉన్నచోటనే, దాన్నే ఆసరా చేసుకుని, చెట్టును పట్టుకున్న బదనికలా పెరిగింది.

2. కవరు వెనుక కట్టుబాటు

1960ల న్యూయార్క్‌లో జూదాన్ని అరికట్టడానికి మఫ్టీలో తిరిగే పోలీసు దళాలు ఉండేవి. జూదం నడిపేవారు ఆ దళాలకు నెలనెలా డబ్బు ముట్టజెప్పేవారు. ఆ ఏర్పాటుకు పోలీసుల వాడుకలో 'ప్యాడ్' అని పేరు. మన భాషలో దానికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: మామూలు. ఈ మాటను కాస్త ఆలోచించండి. 'లంచం' అన్నప్పుడు అది తప్పనే స్పృహ కొంతైనా మిగిలి ఉంటుంది. 'మామూలు' అనగానే అదీ పోతుంది. ఎప్పుడూ జరిగేదే, అందరూ చేసేదే, అడగనక్కరలేనిదే అన్న అర్థం వస్తుంది. పాపానికి పేరు మార్చితే మనస్సాక్షి నిద్రపోతుంది.

ఆ ఏర్పాటు ఎలా నడిచేదో 1972 డిసెంబరులో వెలువడిన నాప్ కమిషన్ నివేదిక వివరించింది. ఒక్కొక్కరి నెల వాటా మాన్‌హాటన్ నడిబొడ్డున 300, 400 డాలర్లయితే, హార్లెమ్ ప్రాంతంలో 1,500 డాలర్ల దాకా ఉండేది. పై అధికారికి వాటాన్నర. దళంలోకి కొత్తగా వచ్చినవాడికి సుమారు రెండు నెలలు వాటా లేదు. వాడు నమ్మదగినవాడో కాదో ముందు చూసుకునేవారు. ఆ రెండు నెలల బాకీని వాడు బదిలీ మీద వెళ్ళేటప్పుడు అణా పైసలతో తీర్చేవారు.

ఎంత క్రమశిక్షణ! ఎంత మాట నిలుపుకోవడం! కాని ఇది సద్గుణమేనా? పునీత అగుస్తీను ఐదవ శతాబ్దంలో 'దేవుని నగరం' అనే గ్రంథంలో ఈ విషయాన్నే ఎత్తి చూపాడు. దొంగల ముఠాకూ నాయకుడుంటాడు, ఒప్పందం ఉంటుంది, దోచిన సొమ్ము పంచుకోవడానికి నియమం ఉంటుంది. న్యాయాన్ని పక్కకు తీసేస్తే రాజ్యానికీ ముఠాకూ తేడా ఏముందని ఆయన ప్రశ్న. కాబట్టి పంపకంలో మోసం చేయకపోవడం, ఒకరినొకరు పట్టివ్వకపోవడం మాత్రమే చూసి "వీళ్ళు నమ్మకస్థులు" అని మెచ్చుకోరాదు. దేనికి నమ్మకస్థులు అని అడగాలి.

ఆ నివేదికలోనే మరో మంచి విశ్లేషణ ఉంది. అవినీతిపరులలో రెండు తెగలున్నారని చెప్పింది. వెంటపడి వేటాడి తినేవారు 'మాంసాహారులు'. దారిలో దొరికింది పుచ్చుకునేవారు 'గడ్డి మేసేవారు'. లంచగొండిని గురించి "గడ్డి తింటున్నాడు" అనే మనకు ఈ పోలిక కొత్తగా అనిపించదు. అసలు సమస్య ఎవరితో? మాంసాహారులతో అని మనం అనుకుంటాం. కమిషన్ అలా అనలేదు. వాళ్ళు కొద్దిమందే. గడ్డి మేసేవారు వేలల్లో ఉన్నారు. అంతమంది చేస్తున్నందువల్లనే లంచానికి మర్యాద వచ్చింది. దాన్ని బయటపెట్టినవాడు ద్రోహి అయ్యాడు. బుట్టలో ఒకటి రెండు పండ్లే కుళ్ళాయి, తక్కినవన్నీ మంచివే అనే పాత సమర్థనను కమిషన్ అంగీకరించలేదు.

3. వాటా వద్దన్నవాడు

ఫ్రాంక్ సెర్పికో 1936లో బ్రూక్లిన్‌లో ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. 1959లో పోలీసు శాఖలో చేరాడు. మఫ్టీ పనికి మారిన కొత్తలో, 1966లో, ఒక జూదగాడు పంపిన 300 డాలర్ల కవరు అతని చేతికి వచ్చింది. అతడు దాన్ని జేబులో వేసుకోలేదు. డేవిడ్ డర్క్ అనే తోటి పోలీసు సాయంతో పై అధికారులకు చెప్పాడు. ఆ సంగతి మరచిపొమ్మని తనకు సలహా వచ్చిందని తరువాత అతడే సాక్ష్యం చెప్పాడు.

ఆ తరువాత అతడు బ్రాంక్స్ ప్రాంతానికి మారాడు. అక్కడా అదే ఏర్పాటు. మళ్ళీ అధికారులకు చెప్పాడు. విషయం నగర మేయరు కార్యాలయం దాకా వెళ్ళింది. చివరకు కొందరు కింది స్థాయి పోలీసుల మీద కేసులు పెట్టారు. పైవారి జోలికి ఎవరూ పోలేదు. ఇలా దాదాపు నాలుగేళ్ళు తలుపులన్నీ తట్టిన తరువాతనే సెర్పికో, డర్క్ పత్రికను ఆశ్రయించారు. 1970 ఏప్రిల్ 25న 'న్యూయార్క్ టైమ్స్' మొదటి పేజీలో డేవిడ్ బర్న్‌హామ్ రాసిన వార్త వచ్చింది. మరుసటి నెలలో మేయరు జాన్ లిండ్సే, న్యాయవాది విట్మన్ నాప్ అధ్యక్షతన ఐదుగురితో విచారణ కమిషన్ వేశాడు.

ఇక్కడ మనం ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. సెర్పికో తోటివారికి ఎందుకు శత్రువయ్యాడు? మొదట్లో అతడు ఎవరినీ పట్టివ్వలేదు. తన వాటా తాను వద్దన్నాడు, అంతే. డబ్బు మిగిలితే తక్కినవారికి లాభమే గదా! అయినా వాళ్ళు భయపడ్డారు. ఎందుకంటే ఆ డబ్బు వట్టి డబ్బు కాదు, అది ఒక ప్రమాణం. పుచ్చుకున్నవాడు నోరు విప్పలేడు. పుచ్చుకోనివాడి నోటికి తాళం లేదు. అందువల్ల అక్కడ లోకరీతి తలకిందులైంది: చేతులు శుభ్రంగా ఉన్నవాడే నమ్మరానివాడయ్యాడు.

1971 ఫిబ్రవరి 3న బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్ ప్రాంతంలో మాదకద్రవ్యాలు అమ్మే ఒక ఇంటి మీద దాడికి వెళ్ళినప్పుడు సెర్పికో తలుపు సందులో ఇరుక్కున్నాడు. వెనుకనున్న సహచరులను పిలిచాడు. లోపలి నుండి వచ్చిన గుండు అతని ముఖంలో దిగింది. సాయం కోసం ఫోను చేసినవాడు పక్క వాటాలో ఉండే ఒక వృద్ధుడు. సహచరులు కావాలనే వదిలేశారన్నది రుజువు కాలేదు గనుక ఆ నింద మనం వేయరాదు. కాని ఆ అనుమానం రావడానికి చోటుందంటేనే, అక్కడి 'స్నేహధర్మం' ఏ స్థితికి దిగజారిందో తెలుస్తుంది. లంచంలో భాగస్వామి అయినవాడికే కాపు దొరుకుతుందేమో అన్న భయం పుట్టాక, పార్ట్‌నర్ అన్న మాటకు అర్థమే లేదు.

సెర్పికో బతికాడు. ఒక చెవి వినికిడి పోయింది. 1971లోనే కమిషన్ ముందు బహిరంగంగా సాక్ష్యం చెప్పాడు. 1972లో అతనికి శాఖలోని అత్యున్నత పతకం దక్కింది; ఆ ఏడాదే ఉద్యోగం వదిలాడు. ఆ పతకానికి సంబంధించిన ధ్రువపత్రం మాత్రం 2022లో గాని అందలేదు. సత్యం చెప్పినవాడి పట్ల సంస్థలు ఎంత బద్ధకంగా ఉంటాయో చెప్పడానికి ఈ ఏభై ఏళ్ళే సాక్ష్యం.

4. వాటా తిన్నవాడు

రెండవ కథ ఇంకా బరువైనది. రాబర్ట్ ల్యూచీ మాదకద్రవ్యాల కేసులు చూసే ప్రత్యేక పరిశోధన దళంలో డిటెక్టివు. నగరమంతా ఎక్కడికైనా వెళ్ళగలిగే అధికారం, అడిగేవారు లేని స్వేచ్ఛ ఉన్న దళం అది. ఆ దళంలో వర్తకుల దగ్గర దొరికిన డబ్బులో కొంత జేబులో వేసుకునేవారు. సమాచారం తెచ్చే వ్యసనపరులకు తామే మత్తుమందు ఇచ్చేవారు. ల్యూచీ కూడా ఆ నీళ్ళలో ఈదినవాడే.

1971లో అతడు నాప్ కమిషన్‌లో పనిచేస్తున్న నికొలాస్ స్కొపెట్టా అనే న్యాయవాదితో మాట్లాడడం మొదలుపెట్టాడు. లంచాలు ఇచ్చిపుచ్చుకునే న్యాయవాదులనూ పోలీసులనూ పట్టివ్వడానికి, దుస్తుల కింద రహస్య రికార్డింగు యంత్రం కట్టుకుని తిరగడానికి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు: నా పార్ట్‌నర్లను మాత్రం పట్టివ్వను. వాళ్ళంటే అతనికి ప్రాణం. తాను చేసిన తప్పులు కూడా రెండు మూడేనని చెప్పాడు.

ఆ షరతు నిలిచిందా? నిలవలేదు. సగం సత్యం చెప్పినవాడిని మిగతా సగం వెంటాడుతుంది. కోర్టుల్లో ప్రశ్న మీద ప్రశ్న వచ్చింది. దాచిన తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చివరికి ప్రాణస్నేహితుల పేర్లూ చెప్పవలసి వచ్చింది. ఆ దళంలో పనిచేసిన 70 మందిలో 52 మంది మీద నేరారోపణలు వచ్చాయి. ఆత్మహత్యలు కూడా జరిగాయి. ల్యూచీ మీద కేసు పెట్టలేదు. తరువాత అతడు రచయితగా స్థిరపడి 2015లో మరణించాడు. ఈ చరిత్రను రాబర్ట్ డేలీ 1978లో పుస్తకంగా రాశాడు. సినిమాకు అదే ఆధారం.

సెర్పికోను చూసి మనం చప్పట్లు కొట్టగలం. ల్యూచీని చూసి ఏం చేయాలో తోచదు. అతడు సత్యం చెప్పాడు, నిజమే. ఆ సత్యం వల్ల పెద్ద అవినీతి బయటపడింది, అదీ నిజమే. కాని అతనితో కలిసి తిన్నవారు జైళ్ళకూ సమాధులకూ పోయారు; అతడు మిగిలాడు. ఈ ఇద్దరి మధ్య తేడా ధైర్యంలో కాదు, కాలంలో ఉంది. సెర్పికో మొదటి కవరు నాడే మాట్లాడాడు. ల్యూచీ ఏళ్ళు గడిచాక మాట్లాడాడు. మొదటి రోజున పార్ట్‌నర్‌ను పక్కకు పిలిచి "ఇది వద్దురా" అని ఉంటే ఆ స్నేహితుడు దక్కేవాడేమో. ఆలస్యంగా వచ్చిన సత్యం నేరాన్ని పట్టుకోగలదు గాని, స్నేహితుణ్ణి రక్షించడం దానికి చాలా కష్టం.

5. ఇచ్చిన మాట సంగతేమిటి?

"అయినా మాట ఇచ్చాక తప్పవచ్చా?" అని కొందరు అడుగుతారు. దీనికి సువిశేషంలోనే జవాబుంది. హేరోదు రాజు విందులో ఒక అమ్మాయికి ఒట్టు పెట్టి మాట ఇచ్చాడు. అతిథుల ముందు పరువు పోతుందని ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఫలితం స్నాపక యోహాను శిరచ్ఛేదం. చెడు చేస్తానని చేసిన ప్రమాణం ఎవరినీ బంధించదని పునీత తోమా అక్వినాసు బోధ. తప్పును దాచిపెడతానన్న మాట కూడా అటువంటిదే. దాన్ని నిలబెట్టుకోవడం కంటే, ఇవ్వకపోవడం మేలు. ఇచ్చి ఉంటే వెనక్కు తీసుకోవడం మేలు.

ఆ యోహానే, తన దగ్గరకు వచ్చిన సైనికులకు ఏం చెప్పాడో లూకా సువార్త మూడవ అధ్యాయంలో ఉంది. ఉద్యోగం మానుకోమని చెప్పలేదు. ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. ఆయుధం చేతబట్టినవాడికి ఉండే శోధన ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

ఇక స్నేహం సంగతి. అరిస్టాటిల్ స్నేహాలు మూడు రకాలన్నాడు: లాభం కోసం చేసేది, సుఖం కోసం చేసేది, అవతలివాడి మంచి కోరి చేసేది. మొదటి రెండూ లాభమూ సుఖమూ ఉన్నంతవరకే నిలుస్తాయి. కవరు పంచుకునే బంధం పైకి మూడవ రకంలా కనిపిస్తుంది. లోపల మొదటి రకమే. పరీక్ష చాలా తేలిక: వాటా ఆపండి, బంధం నిలుస్తుందేమో చూడండి. సెర్పికో విషయంలో నిలవలేదు.

పునీత అగుస్తీను కౌమారంలో స్నేహితులతో కలిసి పొరుగువారి పండ్లు దొంగిలించాడు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదని తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. గుంపు మనచేత మనం చేయనివి చేయిస్తుంది. "మనవాళ్ళు" అన్న మాటలో ఎంత తీపి ఉందో అంత ప్రమాదమూ ఉంది.

6. మౌనం ఎప్పుడు పాపం?

ఇతరుల పాపంలో మనం ఎలా భాగస్వాములమవుతామో కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1868వ సంఖ్య చెబుతుంది. చేతులు కలపడం, ఆజ్ఞాపించడం, మెచ్చుకోవడం మాత్రమే కాదు. చెప్పవలసిన బాధ్యత ఉండి చెప్పకపోవడం, ఆపవలసిన బాధ్యత ఉండి ఆపకపోవడం, తప్పు చేసేవారిని కాపాడడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే పైసా ముట్టనివాడు కూడా చేతులు కడుక్కుని కూర్చోలేడు.

మరి ఎలా చెప్పాలి? మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస మనందరికీ తెలిసినదే. మొదట వాడితో ఒంటరిగా. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని. అప్పటికీ వినకపోతే సంఘానికి. ఈ వరుసలో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, నేరుగా వీధికెక్కరాదు. సోదరుణ్ణి దక్కించుకోవడమే మొదటి ఉద్దేశం. రెండు, మొదటి మెట్టు మీదనే ఆగిపోరాదు. "నేను చెప్పాను, వాడు వినలేదు, ఇక నాకేం?" అనడానికి వీలు లేదు. తప్పు వల్ల ఇతరులకు హాని జరుగుతుంటే తరువాతి మెట్టు ఎక్కవలసిందే.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కంటితో చూసినదీ, చెవిన పడ్డ పుకారూ ఒకటి కావు. సెర్పికో తన చేతికి వచ్చిన కవరు గురించి చెప్పాడు. పుకార్లు మోసేవాడు సత్యసాక్షి కాడు. ఎనిమిదవ ఆజ్ఞ మీరినవాడు.

వినవలసినవారికీ ఇందులో పాఠముంది. నాలుగేళ్ళు ఒక మనిషిని తలుపు తలుపుకూ తిప్పిన పెద్దలు ఒక్క కవరు కూడా పుచ్చుకోకపోయి ఉండవచ్చు. అయినా ఆ ఆలస్యం వారి లెక్కలోనే పడుతుంది. ఇంట్లో తండ్రి, బడిలో ప్రధానోపాధ్యాయుడు, కార్యాలయంలో అధికారి, విచారణలో గురువు, ఎవరైనా సరే, తప్పును గురించి చెప్పడానికి వచ్చినవాడిని కసురుకుంటే ఆ రోజున అక్కడ మౌనపు గోడకు ఒక ఇటుక చేరినట్టే.

మనలో చాలామంది పోలీసులం కాము. అయితే పరీక్షలో చీటీ అందించమనే స్నేహితుడు, బిల్లు ఎక్కువ రాసి పంచుకుందామనే సహోద్యోగి, సంఘం లెక్కల్లో "ఈ ఒక్కసారికి" అనే బంధువు అందరికీ ఎదురవుతారు. వాళ్ళు అడిగేది మొదట డబ్బు కాదు, మన మౌనం. ఆ రోజు కవరు చిన్నది. అందుకే ఆ రోజే మాట్లాడడం సులువు. స్నేహితుణ్ణి దక్కించుకోవడానికీ అదే మంచి రోజు.

'ప్రిన్స్ ఆఫ్ ది సిటీ' చివర్లో కథానాయకుడు పోలీసులకు పాఠం చెప్పడానికి వస్తాడు. అతడెవరో తెలియగానే ఒక పోలీసు లేచి బయటకు వెళ్ళిపోతాడు. వెళ్ళినవాడిది న్యాయమో, నిలబడ్డవాడిది న్యాయమో దర్శకుడు తీర్పు చెప్పలేదు. ఆ తీర్పు మన ఇళ్ళలో చర్చించుకోదగ్గది.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చకు ప్రశ్నలు

1. ఆ గదిలో మీరుంటే లేచి వెళ్ళేవారా, కూర్చుని వినేవారా? ఎందుకు?

2. మన ఇంట్లో, మన పనిలో 'మామూలు' అనే పేరుతో చెల్లుబాటవుతున్న తప్పు ఏదైనా ఉందా?

3. పిల్లలూ, మీ స్నేహితుడు చేసిన తప్పును మీరు దాచిపెట్టారనుకోండి. దానివల్ల అతనికి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా?

4. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఒక చేదు నిజం చెప్పడానికి మీ దగ్గరకు వస్తే, భయం లేకుండా చెప్పగల వాతావరణం మీ ఇంట్లో ఉందా?